బొటనవేలు అందేంత మేర

"ఏమప్పా, ఈ యాప్ చేసింది నువ్వేనా?"

బెంగళూరు చిక్కపేటలోని చీరల అంగడిలో లలిత్‌కు దొరికిన స్వాగతం అది. అడిగింది మౌనిక. కుడిచేతి మీద కొంగు పరిచి, ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, వీడియోకాల్‌లో చీరలు చూపించి, ఆ ఫోన్‌లోనే ఆర్డర్ నొక్కి అమ్మడం ఆమె పని.

"నేనేనండీ. బాగుందా?"

"బాగుండాది, నీ చేతికి! ఫోన్ చూస్తే పలక మాదిరి ఉండాది. ఆర్డర్ బటన్ తీసుకుపోయి పైమూల పెట్టినావు. నా బొటనవేలు అంతదూరం పోతుందా?"

"రెండో చేత్తో నొక్కచ్చు కదండీ."

"అప్పుడు చీర నువ్వు పట్టుకుంటావా?"

లలిత్ ఆమె చేతి మీది చీర వైపు చూశాడు. మారతహళ్ళి ఆఫీసులో యాప్ కోసం అతను గీసిన బొమ్మల్లో చీర పట్టుకున్న చెయ్యి లేదు మరి.

మౌనిక కోపానికి కారణం ఉంది. వేలు సాచినప్పుడల్లా అరచెయ్యి తగిలి కింద ఉన్న 'రద్దు' బటన్ నొక్కుకుపోతోంది. వచ్చిన ఆర్డర్లు వచ్చినట్టే పోతున్నాయి. వరమహాలక్ష్మి పండగకల్లా ఇది బాగుపడకపోతే వీడియో కౌంటర్ ఎత్తేస్తానని పెదనాన్న వెంకటరాయప్ప తేల్చి చెప్పాడు. అంగడి ఆయనది, కౌంటర్ ఆలోచన ఆమెది. మళ్ళీ చీరలు మడతపెడుతూ కూర్చోవడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు.

మూడోరోజు లలిత్ బటన్ కిందికి దించి తెచ్చాడు. కుడిమూలకు!

"నాది ఎడమచెయ్యప్పా!" అంది మౌనిక. నెత్తి కొట్టుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

ఈసారి లలిత్ వాదించలేదు. దేవుడి పటం దగ్గరి కుంకుమ తెచ్చాడు.

"ఇందులో వేలు అద్దండి. బలవంతంగా సాచకుండా, హాయిగా ఎంతవరకు తిరిగితే అంతవరకే స్క్రీన్ మీద తిప్పండి."

తిప్పింది. ఫోన్ మీద ఎర్రగా ఓ వంపు గీత పడింది. అతను తలవంచి దాన్ని ఎంతో శ్రద్ధగా కాగితం మీదికి ఎక్కించుకుంటుంటే మౌనిక చూస్తూ ఉండిపోయింది. తన చెయ్యి ఎంతవరకు పోతుందని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అతనంటే ఇష్టం పుట్టింది. బయట వాన మొదలైంది.

"నిలిచినాక పోదువులే," అంది, నిలవకూడదని కోరుకుంటూ.

పండగ ముందురోజు బటన్లన్నీ ఆ గీత లోపలికే వచ్చి కూర్చున్నాయి. చీర మీద చీర, కాల్ మీద కాల్. వేలు కదిపితే ఆర్డర్! సాయంత్రానికి పట్టుచీరల బీరువా ఖాళీ అయింది. ఒక్క ఆర్డరూ రద్దు కాలేదు.

"ఈ కౌంటర్ ఇంక నీదేనమ్మా," అన్నాడు వెంకటరాయప్ప. మౌనికకు గెంతాలనిపించింది.

లలిత్ మాత్రం బ్యాగు సర్దుకుంటున్నాడు. "రేపటినుంచి ఇక్కడ నాకు పనేం లేదండీ."

"పని దేనికప్పా? నన్ను చూసేదానికి వచ్చినా అని చెప్పి రా!" అనేసి నాలుక కరుచుకుంది.

మర్నాడు అంగడి తెరవగానే వచ్చాడు.

"మళ్ళీ ఏం పనప్పా?" అన్నాడు వెంకటరాయప్ప.

"మౌనికను చూడటానికి వచ్చానండీ."

వెంకటరాయప్ప కళ్ళజోడు తీశాడు. "పిల్లను చూసేదానికి ఒక్కడివే వచ్చినావా? అమ్మానాయన ఏరి?"

తన మాటకు అర్థం ఎక్కడికి పోయిందో లలిత్‌కు అప్పుడు తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి. మౌనిక చేతిలో చీరను అలాగే వదిలేసి అతని వైపు చూసింది. 'కాదండీ' అంటాడేమో!

లలిత్ ఫోన్ తీశాడు. "ఏలూరులో ఉన్నారండీ. ఇప్పుడే చూపిస్తాను." తెర మీద వాళ్ళమ్మ ప్రత్యక్షమైంది. "అమ్మా, రోజూ చెప్తున్నానే, ఆ అమ్మాయి. వాళ్ళ పెదనాన్నగారితో మాట్లాడు."

రోజూ చెప్తున్నాడట! మౌనికకు నవ్వాగలేదు.

వెంకటరాయప్ప ఆమెవైపు తిరిగాడు. "నీకు సమ్మతమేనా తల్లీ?"

అంగడంతా వినేలా చెప్పింది మౌనిక:

"సమ్మతమే పెదనాయనా. నేనే రమ్మన్నా!"