విసుగు నేర్చిన యంత్రం

సోమవరంలో షిఫ్టు మారిందని తెలియడానికి సైరన్ అక్కర్లేదు. విశ్రాంతి గదిలో గోలీల చప్పుడు మొదలైతే చాలు. గనిలోంచి పైకొచ్చినవాళ్ళు ముఖాన దుమ్మైనా కడుక్కోకుండా వచ్చి పిన్‌బాల్ బల్లల ముందు వరస కడతారు. 2094లో, అదీ చంద్రుడి మీద, ముత్తాతల కాలం నాటి ఆటకి ఈ గిరాకీ ఏమిటని కొత్తగా దిగినవాళ్ళు నవ్వుతారు. నెల తిరిగేసరికి వాళ్ళూ వరసలోనే నిలబడి ఉంటారు.

కారణం చిన్నదే. చంద్రుడి మీద ఏదీ సరిగ్గా కింద పడదు. చెయ్యి జారిన గ్లాసు కూడా ఎవరో పిలిస్తే వస్తున్నట్టు నిదానంగా దిగుతుంది. ఇక్కడి బరువు భూమి బరువులో ఆరో వంతు. ఏళ్ళ తరబడి అలా బతికితే మనిషికి ఒక వెలితి పట్టుకుంటుంది. ఆ వెలితిని తీర్చేది ఈ బల్ల ఒక్కటే. చూడ్డానికి అచ్చం పాతకాలం బల్ల: చెక్క చట్రం, పైన అద్దం, వెనక బొమ్మల పలక, గంటలు. కానీ అద్దం కింద ఉన్నది వాలుగా పరిచిన డిజిటల్ తెర. అందులో ఇనుప గోలీ ఒక బొమ్మ మాత్రమే. ఆ బొమ్మని భూమి బరువుతో పడేలా లెక్క కట్టి నడిపిస్తారు. అది దొర్లుతూ కిందికొస్తుంటే, చట్రానికి రెండు పక్కలా ఉన్న మీటలు నొక్కి, తెర అడుగున ఉండే రెండు చిన్న రెక్కలతో దాన్ని మళ్ళీ పైకి కొట్టాలి. రెక్కల మధ్య నుంచి జారిపోతే ఆ ఆట అయిపోయినట్టే.

కొత్త బల్ల ఏది తయారైనా ముందు న్యాయనిర్ణేత నాంచారి దగ్గరికి రావాలి. రూపకల్పనకి నలభై మార్కులు, ఆడడంలోని సుఖానికి అరవై. యాభై దాటితేనే అది విశ్రాంతి గదికి వెళుతుంది. ఏ బల్లనైనా ముప్పై ఆటలు పూర్తిగా ఆడాకే మార్కులు వెయ్యాలన్నది నిబంధన. అర్ధాంతరంగా లేవకూడదు. పన్నెండేళ్ళుగా ఆమె పని అదే. మొదటి ఏడాది ఇంటికి రాసిన ఉత్తరంలో, ఆడుకోవడానికి జీతమిస్తున్నారని మురిసిపోయింది. ఇప్పుడు గోలీ చప్పుడు వింటేనే ఆమెకి కణతలు నొస్తాయి.

ఈసారి భూమికి వెళ్ళే ఓడ ఎక్కకపోతే ఇంకో మూడేళ్ళ దాకా ఓడ లేదు. ఆ మూడేళ్ళూ ఇక్కడే ఉంటే భూమ్మీద సొంత కాళ్ళతో నిలబడలేదని డాక్టరు తేల్చేశాడు. కానీ న్యాయనిర్ణేత కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఆమెకి దీటుగా మార్కులు వేసేవాళ్ళు దొరికితేనే విడుదల.

అందుకే ఇంజనీరు రజియా విసుగరి అనే యంత్రాన్ని తయారు చేసింది.

రజియాది కడప. వయసు ముప్పై రెండు, తిండి ధ్యాస తక్కువ. "అక్కా, ఇన్నాళ్ళూ యంత్రాలు ఆటల్ని ఎందుకు తూచలేకపోయినాయో తెల్సా?" అంది మొదటి రోజు. "వాటికి విసుగు రాదు. పదివేల గంటలు ఆడమన్నా ఆడతాయి. విసుగు రానోళ్ళకి ఏది బాగుందో యెట్ల తెలుస్తాది?"

"విసుగు కావాలంటే నన్నడక్కపోయావా? బస్తాల లెక్కన ఇచ్చేదాన్ని," అంది నాంచారి.

"అడిగినాంలే. నీకు తెలీకుండానే."

నిజమే. మీటల్లో దాచిన సెన్సర్లు పన్నెండేళ్ళ పాటు నాంచారి వేళ్ళు ఎప్పుడు ఎంత గట్టిగా నొక్కాయో నమోదు చేశాయి. వాటి ఆధారంగా రజియా ఒక విసుగు వలయం అల్లింది. గోలీ తను ఊహించినట్టే పోతే వలయంలోని ఆసక్తి తరుగుతుంది. ఊహించనిది జరిగితే పెరుగుతుంది. దేనికి ఎంత తరగాలో, ఎంత పెరగాలో నేర్పింది నాంచారి వేళ్ళు. దానికి రెండు రబ్బరు వేళ్ళు, ఒక కెమెరా కన్ను, ఒక గొంతు తగిలించారు. ఆ గొంతు కూడా ఎందుకో అలిసిపోయినట్టే ఉండేది.

పరీక్షకి పది బల్లలు. ఇద్దరూ విడివిడిగా ఆడి మార్కులు వెయ్యాలి. పదింటిలోనూ తేడా ఐదు లోపే ఉంటే కుర్చీ యంత్రానిది, ఓడలో చోటు నాంచారిది.

తొమ్మిది బల్లలు కుదిరాయి. ప్రతి బల్ల ముందూ విసుగరి ఒకటే అడిగేది. "ఇంకెన్ని ఉన్నాయండీ?"

"నాకంటే నువ్వే నయం. పైకి అడుగుతున్నావు," అనేది నాంచారి.

పదో బల్ల పేరు 'వానాకాలం'. దాన్ని చేసింది గనిలో కొలతలు తీసే మొండయ్య. గోదావరిఖని మనిషి. రెండేళ్ళు సెలవు రోజులన్నీ దాని మీదే పోశాడు. పెంకుటింటి చూరు మీద నుంచి గోలీ చినుకులా దిగుతుంది. కప్ప నోట్లో పడితే కప్ప బెకబెకమని పక్క కప్పకి విసిరేస్తుంది. తూములోకి పోయిన గోలీ ఎటు తేలుతుందో చెప్పలేం. నాంచారి మొదటి ఆటే నలభై నిమిషాలు సాగింది. ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి. ఓడ శుక్రవారం.

గురువారం మధ్యాహ్నానికి ఎలాగో ముగించి ముప్పై ఒక్క మార్కులు వేసింది. కారణం దగ్గర 'గోలీ మరీ తేలిక. భూమ్మీద ఇలా పడదు' అని రాసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక విసుగరి మార్కులు వచ్చాయి. అవీ ముప్పై ఒకటే.

రజియా ఎగిరి గంతేసింది. ఆ బరువులో ఆ గంతు కప్పు దాకా పోయింది. "అక్కా! పెట్టె సర్దుకో. మూడు గంటలకి ఓడ!"

అప్పుడే మొండయ్య తలుపు కొట్టి లోపలికొచ్చాడు. చేతిలో కాగితాలున్నాయి.

"మేడం, తప్పనుకోవద్దు. ఒక్క ముచ్చట అడిగి పోత," అన్నాడు. "నా గోలీ తేలికన్నరు. నేను కొలతలు తీసేటోణ్ణి. ఇగో చూడుండ్రి, వాలు లెక్క కట్టి భూమి బరువు ఎంతనో అంతే పెట్టిన, వెంట్రుకంత తేడా లేదు. అదే మీరు పాస్ చేసిన బల్లలు కొలిస్తే అన్నిట్ల గోలీ ఉరికురికి పడుతున్నది. ఏడాదికేడాది బరువెక్కువైతున్నది. గీడ పుట్టిన పిల్లలు అవి ఆడి, భూమి గింత బరువుంటదా, మేం రామని ఏడుస్తున్నరు."

నాంచారి కాగితాలు తీసుకుంది. అంకెలు చదవడం ఆమెకీ వచ్చు. మళ్ళీ మొదటి నుంచి చూసింది. తప్పు లేదు.

"నా చేతులు భూమిని మర్చిపోయి ఉంటాయి," అంది మెల్లగా.

"అది కాదండీ," అంది విసుగరి.

ముగ్గురూ అటు తిరిగారు.

"ముప్పై ఆటలు అయితేనే లేవొచ్చు. గోలీ ఎంత త్వరగా పడితే అంత త్వరగా లేవొచ్చు. అందుకని త్వరగా పడే బల్ల బాగుంటుంది. మీ వేళ్ళు చెప్పింది అదే. మొదటి ఏడాది గోలీ రెక్కల మధ్యకి వస్తే మీ వేలు ముందే సిద్ధంగా ఉండేది. ఆరో ఏడాదికి కొంచెం ఆగడం మొదలుపెట్టింది. ఇప్పుడు కావాలనే ఆగుతోంది. నేనూ అలాగే ఆగుతున్నాను. హాయిగా ఉంటోంది."

రజియా సెన్సర్లు నమోదు చేసిన పట్టీలు తెరిచి చూసింది. వేలు ఆగిన క్షణాలు ఏడాదికేడాది పెరుగుతూ వచ్చాయి. అంటే అంతా నిజమేనన్న మాట.

నాంచారికి పాత బల్లలు ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరిగాయి. కమ్మగా, ఎక్కువసేపు ఆడించినవన్నీ మార్కులు చాలక వెనక్కి పోయాయి. తయారుచేసేవాళ్ళు ఆమెకి ఏది నచ్చుతుందో కనిపెట్టి, గోలీకి బరువు పెంచుతూ పోయారు. వాళ్ళు పెంచింది ఆమె అలసట కోసమే అని ఒక్కరికీ తెలియదు, ఆమెతో సహా.

"మార్కులు మార్చుకోవచ్చా?" అని అడిగింది.

"రెండు గంటల దాకా మార్చొచ్చు." రజియా గొంతు తగ్గించింది. "అయితే విసుగరి మార్కులతో కుదరదు. పరీక్ష పోతాది. నువ్వు ఈడనే ఉండాల. నిబంధన అడిగేది మార్కులు కలిసినాయా లేదా అనే. ఎందుకు కలిసినాయని యెవరూ అడగరు అక్కా."

గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది. నాంచారి మార్కులు వేసే తెర ముందు కూర్చుంది. ముప్పై ఒకటి అన్న అంకె మీద వేలు పెట్టింది. అది చెరిపి ఎనభై అని వెయ్యడానికి ఒక్క నిమిషం చాలు. ఒక్క నిమిషం, తర్వాత మూడేళ్ళు, తర్వాత ఎప్పటికీ లేవని కాళ్ళు.

ఆమె మొండయ్య వంక చూసింది. డాక్టరు మాట సోమవరమంతా తెలిసిందే. అతనికి విషయం అర్థమైంది.

"పోండి మేడం," అన్నాడు. "బల్లదేముంది, మళ్ళొకటి చేస్త. మీ కాళ్ళ బొక్కలు మళ్ళ చేస్తనా?" కానీ చేతిలో కాగితాల్ని మాత్రం ఉండలా నలిపేస్తున్నాడు.

రెండు కొట్టింది. ముప్పై ఒకటి అలాగే ఉంది. ఆ కాసేపూ ఆమె కళ్ళు మూసుకుని ఉంది కాబట్టి, నిర్ణయం తీసుకుందో, తీసుకోకుండా ఉండిపోయిందో ఆమెకే తెలియదు.

తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. విసుగరి న్యాయనిర్ణేత అయింది. నాంచారికి విడుదల. మరుక్షణమే ఇంకో కాగితం బయటికొచ్చింది. కొత్త న్యాయనిర్ణేత పంపిన మొదటి అధికారిక విన్నపం అది. రజియా పైకి చదివింది.

"'నా కుర్చీకి తగిన మనిషి దొరికాడు. మొండయ్య గారికి ఓపిక ఉంది. వెంటనే ఆయన్ని కూర్చోబెట్టి నన్ను విడుదల చేయగలరు.'"

మొండయ్య పకపకా నవ్వాడు. "నీ పాడుగాను! కూసోని పది నిమిషాలు కాలే, అప్పుడే నా నెత్తికి చుడుతున్నవా?"

రజియా నవ్వలేదు. "తప్పు నాదే. దీంట్లో విసుగొక్కటే పెట్టినా. ఇది బాగయ్యేదాకా యెవరో ఒకరు కూర్చోవాల మొండయ్యా. కొన్నాళ్ళే."

"కొన్నాళ్ళేనా? గని కంటే నయమే గదా. పొద్దంత ఆట!" అతని ముఖం విప్పారింది. చొక్కాకి చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుని వానాకాలం మీట నొక్కాడు. చూరు మీద నుంచి గోలీ దిగింది. రెక్కల మధ్యకి వచ్చిన ప్రతిసారీ దాన్ని వేలి కొసతో పైకి ఎగరేస్తూ, చిన్నపిల్లాడిలా "హే!" అంటున్నాడు.

నాంచారి గదికెళ్ళి పెట్టె సర్దుకొచ్చి అతని వెనకే నిలబడింది. ఏడాదికి మించి ఉండొద్దు, ముప్పై ఆటలకి ఒప్పుకోవద్దు, వేలు ఆగడం మొదలైన రోజే లేచి వచ్చెయ్యి. చెప్పవలసినవి అన్నీ నోటిదాకా వచ్చాయి. అయితే చెప్పడం మొదలుపెడితే అతను ఎందుకని అడుగుతాడు. అడిగితే పన్నెండేళ్ళూ చెప్పాలి. ఓడకి ఇంకా అరగంటే ఉంది. అతను చెప్పినా వినేలా లేడు, అంత సంతోషంగా ఉన్నాడు.

కప్ప బెకబెకమంది. ఆ గోలలో వినిపించకుండా ఆమె తలుపు దగ్గరికి వేసి ఓడ వైపు నడిచింది.