రెండో ప్రతివాది

పొద్దున్నే అమ్మ కొట్టులో కుట్టుమిషన్ ముందు కూర్చుని స్కూలు చొక్కాకి కాలరు అతుకుతోంది. కోర్టు మనిషి గుమ్మంలో నిలబడి సంతకం పెట్టించుకుని, ఒక కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె కూడబలుక్కుని చదివింది. వాది అన్నచోట కూతురి పేరు ఉంది. ఒకటో ప్రతివాది మరిది. రెండో ప్రతివాది తనే!

భర్త పోయాక, అన్నదమ్ముల ఉమ్మడి కొట్టును మరిది ఒక్కడే అమ్మేయాలని చూస్తున్నాడు. ఆ కొట్టులోనే ఆమె మిషనూ, ఇల్లూ, బతుకూ. కూతురు కోర్టుకెళ్తానన్న సంగతి తెలుసు. కానీ ఇదేమిటి?

వెంటనే మరిదికే ఫోను చేసింది.

"ప్రతివాదంటే ఏంటయ్యా?"

"ముద్దాయి, వదినా! నన్నొక్కణ్ణే అనుకున్నావా? కన్నతల్లిని కూడా బోనెక్కిస్తోంది నీ కూతురు," అని పకపకా నవ్వాడు.

మధ్యాహ్నం కూతురు తను పనిచేసే మందుల షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే అమ్మ గొంతు లేచింది.

"రావమ్మా, వాదీ! అన్నం తింటావా, బేడీలు తెచ్చావా?"

కూతురి చూపు మిషన్ మీది కాగితం మీద పడింది. మొహం పాలిపోయింది.

"అమ్మా, అదీ..."

"నేనేం దొంగతనం చేశానే? నిన్ను కన్నందుకా నేను ముద్దాయిని?"

"ముద్దాయేంటి? ఎవరన్నారు?"

"మీ బాబాయి."

"ఆయన అనక ఇంకెవరంటారు! ముద్దాయి అనేది నేరం కేసుల్లోనమ్మా. ఇది వాటాల దావా. అడిగినవాళ్లు వాది, మిగతా వాటాదారులందరూ ప్రతివాదులు. అంతే."

"అయితే నీ పక్కన రాయించొచ్చుగా నన్ను?"

"సంతకం పెట్టమని ఎంత బతిమాలాను! మరిది మీద కోర్టుకెక్కనని మొండికేశావు. సంతకం లేకుండా నా పక్కన ఎలా రాయను?"

"మరి నన్ను వదిలేయాల్సింది!"

"వదిలేస్తే నీ వాటా ఎవరడుగుతారు? నువ్వు లేకపోతే దావాయే నిలబడదంది లాయరమ్మ." కూతురు కళ్లు తుడుచుకుంది. "ముందే చెబితే ఆపేస్తావని భయమేసింది. నా తప్పు అదొక్కటే."

అమ్మ తన చేతిలోని చొక్కా వైపు చూసింది. పొద్దుటి కంగారులో కాలరు తిరగేసి కుట్టేసింది. కుట్లు ఒక్కొక్కటే విప్పుతుంటే కన్నీళ్లు గుడ్డ మీద పడ్డాయి. తిట్టాలని పొద్దుటి నుంచీ దాచుకున్న మాటలన్నీ ఎటు పోయాయో!

ఇంతలో ఫోను మోగింది. మరిది.

"ఏం వదినా, నిలదీశావా?"

"నిలదీశానయ్యా. నేను ముద్దాయిని కాదట, వాటాదారునట. కొట్టు బేరం ఆపుకో," అని ఫోను పెట్టేసింది.

కూతురు ఏడుస్తూనే నవ్వింది.

అమ్మ రెండు కంచాలు తెచ్చి దగ్గరదగ్గరగా పెట్టింది.

"కోర్టులో నన్ను ఎదురుగా నిలబెడితే నిలబెట్టావులే. అన్నానికి మాత్రం పక్కనే కూర్చో."