డబ్బా తియ్యండి అత్తయ్యా

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినిపించేది గిన్నెల చప్పుడు కాదు, స్విచ్చుల చప్పుడు. లెక్కల మాస్టారు కళ్ళు నులుముకుంటూ లేచి, గదిగదికీ వెళ్ళి వెలుగుతున్నదల్లా తీసేస్తారు. కూతురు అద్దం ముందు జడ వేసుకుంటుంటే ఆ లైటు తీసేస్తారు. స్నానాల గదిలో మనిషి ఉందో లేదో చూసుకోకుండా బయటి నుంచే తీసేస్తారు. లోపలి నుంచి భార్య గొంతు వినపడితే, ఇంకా అవ్వలేదా అని ఎదురు అడుగుతారు. పోనీ మనిషి చెడ్డవాడా అంటే కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు.

“తియ్యి” అన్నది ఆయన ఊతపదం. లైటు తియ్యి, ఫ్యాను తియ్యి, ఇస్త్రీపెట్టె తియ్యి. ఎవరు ఏ గదిలోంచి బయటికి అడుగుపెట్టినా వెనక నుంచి “తీశావా?” అని వినపడాల్సిందే. బడిలో పిల్లలు ఆయనకు చీకటి మాస్టారని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, లోలోపల మురిసిపోతారు కూడా. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఈ ఇంట్లో ఆ దీపమే దొరకదాయె, ఇంక ఇల్లు ఎప్పుడు చక్కబెట్టుకునేది?

ఎవరైనా ఎదురు చెబితే ఆయన దగ్గర ఒకటే జవాబు. “మా అమ్మని చూసి నేర్చుకోండి” అంటారు. నిజమే, పెద్దావిడ గదిలో లైటు వెలగగా ఎవరూ చూడలేదు. ఆ గది ఇంటి వెనకవైపు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పట్టపగలే అక్కడ మసక. ఆవిడ మంచం మీద కూర్చుని, మంచం మీదే తిని, తడుముకుంటూ బయటికి వచ్చి, తడుముకుంటూ లోపలికి పోతుంది. ఒకసారి కోడలు ఏరికోరి ఆ గదికి లేత ఆకుపచ్చ రంగు వేయించింది. అంతా అయ్యాక ఎలా ఉందత్తయ్యా అని అడిగితే, “ఇంకో రంగే దొరకలేదా అమ్మాయ్, బూడిద రంగు వేయించావు?” అంది. కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో ఏం చేసినా ఇంతేనని రంగు డబ్బాలు విసురుగా బయట పడేసింది. ఆ మాట ఆమె మనసులో ఇప్పటికీ ముల్లులా ఉంది.

ఇక అసలు గొడవకి వద్దాం. వంటింటి వెనక వరండాలో ఒక పెద్ద ఫ్రీజరు ఉంది. పైనుంచి మూత ఎత్తే రకం. ఇంట్లో అందరూ దాన్ని డబ్బా అంటారు. ఇల్లాలు పనిచేసే కుట్టు కార్ఖానా మూతపడ్డాక, ఉత్త చేతులతో కూర్చోలేక, ఎత్తేస్తున్న దుకాణం వాళ్ళ దగ్గర దాన్ని కొనుక్కొచ్చింది. ఐస్‌క్రీమ్ చేసి వీధిలో పిల్లలకీ, చుట్టుపక్కల పుట్టినరోజులకీ ఇస్తుంది. చెయ్యి తిరిగిన మనిషి. తిన్నవాళ్ళు గిన్నె నాకి మరీ ఇస్తారు. మాస్టారికి మాత్రం ఆ డబ్బా గుర్రుమని చప్పుడు చేసినప్పుడల్లా మీటరు తిరుగుతున్నట్టే వినపడుతుంది. మనం తినేదానికన్నా అది తినే కరెంటు ఎక్కువని పోరి పోరి, చివరికి బిల్లు చేతిలో పట్టుకుని తేల్చి చెప్పేశారు. కాలేజీ క్యాంటీను నడిపే ఒకాయన రుచి చూడ్డానికి వస్తానన్నాడు. ఆయన ఒప్పుకుంటే వారం వారం సరుకు పంపచ్చు, డబ్బా ఉంటుంది. ఒప్పుకోకపోతే డబ్బా పోతుంది. డబ్బా కొనేవాణ్ణి కూడా మాస్టారే చూసి పెట్టారు. అప్పటిదాకా దాని స్విచ్చు ముట్టుకోనని మాట ఇచ్చారు. ఆమె సరేనంది. పంతానికి పోయి అన్నదే గాని, ఆ తర్వాత ఆమెకి కంటి మీద కునుకు లేదు.

క్యాంటీనాయన వచ్చే రోజు రానే వచ్చింది. ఐస్‌క్రీమ్ డబ్బాలో గట్టిపడుతోంది. కూతురు కాలేజీకి, మాస్టారు బడికి వెళ్ళిపోయారు. మూతలున్న కప్పులు కొనడానికి ఇల్లాలు బజారుకి బయల్దేరింది. దారిలో ఆమెకి ఒకటే బెంగ, సరిగ్గా గట్టిపడిందో లేదోనని. ఆగలేక ఇంటికి ఫోను చేసింది.

“అత్తయ్యా, ఒకసారి డబ్బా తీసి చూడండి. గట్టిపడిందా?”

పెద్దావిడ ఫోను పక్కన పెట్టి, నెమ్మదిగా వరండాలోకి వెళ్ళి, చూసి వచ్చింది. రాయిలా ఉందమ్మా, వేలు దిగటం లేదు అంది. ఇల్లాలికి ప్రాణం లేచివచ్చింది. ఆ సంబరంలో బజారంతా తిరిగి, కప్పులే కాదు, చిన్న చిన్న చెక్క చెంచాలు కూడా ఏరుకుని, బస్సు కోసం నిలబడి నిలబడి, ఎండ తగ్గుతుండగా ఇల్లు చేరింది.

వరండాలో అడుగుపెట్టగానే కాలికి ఏదో జిగటగా తగిలింది. డబ్బా గుర్రుమనటం లేదు, అడుగు గొట్టంలోంచి కారుతోంది. మూత ఓరగా ఉంది. లోపల ఆమె రెండు రోజుల కష్టం కరిగి పాలకుండలా తళతళలాడుతోంది.

సంచీ కింద పెట్టి, మాస్టారు బడి నుంచి వచ్చేదాకా వంటింటి గడప మీద అలాగే కూర్చుంది. కూతురు ముందు వచ్చి, చూసి, గుడ్డ తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టింది. మాస్టారు వచ్చారు. చెప్పులు విప్పుతూనే, పట్టపగలు ఈ వంటింట్లో లైటెందుకు, తియ్యండి అన్నారు. అంతే.

“మధ్యాహ్నం భోజనానికి వచ్చారుగా?” అని అడిగింది ఆమె.

“వచ్చాను.”

“అన్నీ తీసి వెళ్ళారుగా?”

“తీశాను. డబ్బా జోలికి పోలేదు. ఆ వరండాలోకే పోలేదు. నీకు మాట ఇచ్చాను కదా.”

మాటదేముంది, మీ చేతికి దురద, అది మీ మాట కూడా వినదు అంది ఆమె. ఆయన ఒట్టు పెట్టుకున్నారు. ఆమె నమ్మలేదు. నిద్రలో లేచి కూడా స్విచ్చులు తీసే మనిషిని ఎవరు నమ్ముతారు? అక్కడి నుంచి మాటకి మాట పెరిగింది. స్నానాల గదిలో చీకట్లో జారబోయిన సంగతి వచ్చింది. పరీక్షల్లో పిల్ల పుస్తకాలు పట్టుకుని పక్కింటికి పోయిన సంగతి వచ్చింది. చుట్టాలు కూర్చుని ఉండగానే ఫ్యాను తీసేసిన సంగతీ వచ్చింది. మాస్టారు కూడా తక్కువేం తినలేదు. ఇంత దుబారా ఇంట్లో నేను కాబట్టి నెట్టుకొస్తున్నాను, నేనే తీశాననుకో, అమ్మేద్దాం, పీడా పోతుంది అన్నారు.

పీడా అన్న మాట దగ్గర ఆమె గొంతు మారిపోయింది.

“నేను మిమ్మల్ని నగలు అడిగానా, చీరలు అడిగానా? ఒక్క ప్లగ్గు అడిగాను. ఇంట్లో ఇన్ని ఉన్నాయి, నాదని ఒక్కటి. దాన్ని కూడా చూడలేకపోయారు. మీ లెక్కలో నేను సంపాదించింది ఎప్పుడూ రాదు, నేను ఖర్చు పెట్టిందే వస్తుంది.”

మాస్టారు ఏదో అనబోయారు. అప్పుడే వెనక గది గుమ్మం దగ్గర నుంచి పెద్దావిడ మాట వినపడింది.

“వాణ్ణేమీ అనకమ్మాయ్. నేనే తీశాను.”

ముగ్గురూ అటు తిరిగారు. ఆవిడ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

“నువ్వే కదమ్మా ఫోన్లో డబ్బా తియ్యమన్నావు? తీసి చూడమన్నావు. తీశాను, చూశాను. రాయిలా ఉందని నీకు చెప్పాను కూడా.”

“తెరిచి చూడమన్నాను అత్తయ్యా. మూత తియ్యమన్నాను.”

“అలాగా?” అంది ఆవిడ. “ఈ ఇంట్లో తియ్యమంటే ఆర్పమనే కదమ్మా. నాకింకో అర్థం గుర్తే రాలేదు. మళ్ళీ వెయ్యమని నువ్వు చెప్పలేదు. తియ్యమన్న వాళ్ళే గాని, వెయ్యమన్న వాళ్ళని ఈ ఇంట్లో నేనెరగను. ఆ మూత కూడా బరువు, గట్టిగా నొక్కలేకపోయాను. తీసినందుకు వీడు మెచ్చుకుంటాడులే అనుకున్నాను.”

కూతురు గుడ్డ పిండటం ఆపేసింది. ఇల్లాలు నుదురు పట్టుకుంది. తప్పు ఎవరిదని వెతికితే చివరికి అది తన నోటికే వచ్చి చేరింది, ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన్ని ఉత్తపుణ్యానికి అన్ని మాటలు అన్నానే అనిపించింది. ఆ వెంటనే, ఉత్తపుణ్యానికేం కాదులే అని కూడా అనిపించింది. మాస్టారు గెలిచిన మనిషిలా లేరు. నేను కాదని చెప్పానా లేదా అని ఒక్కసారి కూడా అనలేదు. కుర్చీలో కూలబడి, అమ్మ వంకే చూస్తూ ఉండిపోయారు. చెయ్యి తనది కాదు. మాట మాత్రం తనదే. అది ఆయనకు తెలిసిపోయింది.

ఇంతలో క్యాంటీనాయన రానే వచ్చాడు. ఇల్లాలు లేవబోతే మాస్టారే ముందు లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళారు. సరుకు కరిగిపోయిందండీ, మా ఇంట్లో వాళ్ళ పనితనంలో లోపం లేదు, లోపం నాది, ఆదివారం దయచేసి మళ్ళీ రండి అని చెప్పారు. ఆ వచ్చినాయన సణిగాడు. వ్యాపారమంటే ఇలా కుదరదు మాస్టారూ అని క్లాసు పీకాడు. పిల్లలకు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన మనిషి తలవంచుకుని ఆ పాఠం విన్నారు. ఆదివారమైతే వస్తానుగాని ఇదే ఆఖరుసారి అని ఆయన వెళ్ళిపోయాడు.

మాస్టారు లోపలికి వచ్చి, వరండాలో డబ్బా మూత అంచు తడిమి చూసి, భార్య ఎదురుగా నిలబడ్డారు.

“ఆయన ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా డబ్బా ఉంటుంది. కొంటానన్నవాడికి నేను చెప్పేస్తాను.”

“ఎందుకు, కరెంటు తింటుందిగా?” అంది ఆమె, ఇంకా కోపం తీరక.

“దాని మూత రబ్బరు చిరిగిపోయి చల్లదనమంతా బయటికే పోతోంది. అందుకే ఆగకుండా గుర్రుమంటోంది. ఇన్నాళ్ళూ స్విచ్చు వంక చూశానుగాని మూత వంక చూడలేదు. రేపు మార్పిస్తాను” అన్నారు ఆయన.

ఆమె సంచీలోంచి కప్పులు బయటపెట్టడం మొదలుపెట్టింది. పెద్దావిడ మాత్రం, గొడవ తీరింది కదా అని గోడ తడుముకుంటూ తన గదిలోకి మళ్ళింది. లోపల స్టూలుకి కాలు తగిలిన చప్పుడైంది. అబ్బా అని చిన్నగా అని, ఏం లేదు ఏం లేదు అంది, ఎవరూ అడగకుండానే.

మాస్టారు వెనకే వెళ్ళారు. గుమ్మం పక్క గోడ మీద చెయ్యి పెట్టారు. స్విచ్చు దొరకలేదు. ఇంటి మొత్తంలో కళ్ళు మూసుకుని ఏ స్విచ్చయినా తీయగల మనిషి, కన్నతల్లి గదిలో ఇటు తడిమారు, అటు తడిమారు. ఆ గదిలో తియ్యాల్సిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు మరి. చివరికి తలుపు వెనక దొరికింది. వేశారు.

పెద్దావిడ కళ్ళు చికిలించుకుంది. “ఎందుకురా దండగ, తీసెయ్” అంది.

ఆయన తీయలేదు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని నెమ్మదిగా చుట్టూ చూసింది. ఒక గోడ వంక చూసి, ఇంకో గోడ వంక చూసి, గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు తిరిగింది.

“ఆకుపచ్చ వేయించావా అమ్మాయ్? ఎంత బాగుందే. నేను బూడిద రంగని నీ మనసు కష్టపెట్టాను.”

కోడలికి ఇన్నాళ్ళూ గుచ్చుకున్న ముల్లు ఒక్కసారిగా ఊడి, ఆ చోటంతా మండింది. వెళ్ళి అత్తగారి పక్కన మంచం మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడవకమ్మా, రంగు బాగుందనే కదా అన్నాను అని పెద్దావిడ కంగారుపడింది. మాస్టారు స్విచ్చు మీద చెయ్యి అలాగే ఉంచి బొమ్మలా నిలబడ్డారు. ఆయన కళ్ళజోడు మసకబారింది.

కాసేపటికి ఇల్లాలు కొంగుతో ముఖం తుడుచుకుని ఆయన వంక చూసింది.

“ఏమండీ, ఇంక తియ్యండి.”

ఆయన ఉలిక్కిపడ్డారు. “లైటా?”

“కాదు. చెయ్యి.”

ఆయన తీశారు.