లాంతరమ్మ కళ్ళు

వాడేసిన టీపొడిని పారబోసే హక్కు ఆ ఇల్లాలికి ఏనాడూ లేదు. వడకట్టగానే పాత పేపరు మీద పరచాలి, ఎండబెట్టాలి, సీసాలోకి ఎత్తాలి. ఎందుకయ్యా అంటే ఆయనగారి బొమ్మల కాళ్ళ కింద అడవి కావాలి! బొటనవేలంత బొమ్మ, దాని కింద కోటు గుండీ అంత పీఠం. ఆ పీఠానికి జిగురు రాసి టీపొడి చల్లితే అవి రాలిన ఆకులట. "ఇంటికొచ్చిన చుట్టానికి టీ లేకపోయినా ఫర్వాలేదు, మీ రాక్షసులకి మాత్రం ఆకులు తక్కువ కాకూడదు" అని ఆవిడ సణుగుతూనే ఉంటుంది, ఎండబెడుతూనే ఉంటుంది.

ఆ పొద్దున ఎండే లేదు. మబ్బు కమ్ముకుని సన్నగా తుంపర పడుతోంది. ఆవిడ తడి టీపొడిని స్టవ్ పక్కన పరిచి, ముందుగదిలోకి తొంగిచూసింది. బల్ల మీద అట్టముక్క, దాని మీద బారుగా నిలబడ్డ బొమ్మలు. గొడ్డలి పట్టుకున్న మరుగుజ్జు, గడ్డం మంత్రగాడు, విల్లు ఎక్కుపెట్టినవాడు, అందరికంటే ముందు లాంతరు పట్టుకున్న పిల్ల మంత్రగత్తె.

ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేశాడు. ఇంటికొచ్చాక ఈ బొమ్మలకి రంగులేసేవాడు. కూతురు బడికి వెళ్ళే రోజుల్లో తండ్రీకూతుళ్ళిద్దరూ ఈ బొమ్మల్ని బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేసుకుంటూ, లేని గుహల్లోకి మాటలతోనే నడిచి వెళ్ళేవారు. ఆ గుహల్లో కూతురు లాంతరు పట్టుకున్న పిల్ల. అందుకే ఆయన నోట కూతురి పేరూ, ఆ బొమ్మ పేరూ లాంతరమ్మే అయింది. ఇప్పుడు లాంతరమ్మ కొడుక్కి ఆ ఆట పిచ్చి పట్టింది. పాత బొమ్మల జట్టుని తీసుకెళ్ళడానికి మధ్యాహ్నం కూతురు వస్తోంది.

అందుకోసమే ఆయన నెలల తరబడి కష్టపడి వాటికి మళ్ళీ రంగులేశాడు. అదీ ఎలాంటి నెలలు! కంటి వెనకాల పొర అరిగిపోతోందని, మందు లేదని, ఆపరేషను లేదని డాక్టరు చెప్పేశాడు. ఏదో ఒకరోజు చూపు నడిమధ్య మసక కమ్మేస్తుందట, చుట్టూ అంచులు మాత్రం మిగులుతాయట. ఆయన బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి, మళ్ళీ భూతద్దం ముందే కూర్చున్నాడు. బొమ్మలకీ జబ్బుకీ సంబంధం లేదని డాక్టరు ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. ఆ కళ్ళని తినేసింది ఈ రాక్షస మూకేనని ఆవిడ కోపం.

అయినా ఆవేళ ఆవిడకి జాలేసింది. ఆయన స్నానానికి వెళ్ళాడు. రంగులయ్యాక ఆఖరి పని, రంగు చెదరకుండా పైన కొట్టే వార్నిష్ స్ప్రే అని ఆవిడకి తెలుసు. ఎన్నాళ్ళ నుంచో "రేపు, రేపు" అంటున్నాడు, ఆ ఒక్కటీ నేనే చేసేస్తే పోలే అనుకుంది. అట్టముక్కని వెనక వసారాలోకి తీసుకెళ్ళి, డబ్బా ఊపి, బుస్సుమని కొట్టేసింది. లాంతరమ్మ బొమ్మకి కళ్ళు పెట్టడం మిగిలి ఉందనీ, చూపు నిలకడగా ఉండే పూట కోసం ఆయన ఎదురుచూస్తున్నాడనీ ఆవిడకి తెలీదు. తడిగాలిలో స్ప్రే కొట్టకూడదని అంతకన్నా తెలీదు.

చూస్తుండగానే బొమ్మల మీద తెల్లటి మసక లేచింది. ఎర్ర అంగీలు, బంగారు కత్తులు, అన్నీ బూజు పట్టిన రొట్టెముక్కల్లా అయిపోయాయి. తుడిచింది, ఊదింది. పోతేగా! అట్టముక్కని ఉన్నచోటే పెట్టి, వంటింట్లోకొచ్చి, ఊరికే గిన్నెలు సర్దుతూ నిలబడింది.

ఆయన వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. లాంతరమ్మ బొమ్మని చేతిలోకి తీసుకున్నాడు.

"ఏమోయ్, లైటు వేశావా?"

"వెలుగుతూనే ఉందండీ."

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. బొమ్మని దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. తర్వాత మెల్లిగా బల్ల మీద పెట్టేశాడు.

"వచ్చేసింది."

"ఏం వచ్చేసింది?"

"డాక్టరు చెప్పింది. పొద్దున్నుంచీ మసగ్గానే ఉంది. మబ్బు కదా అనుకున్నా. మబ్బు కాదు."

చెప్పాలని నోరు తెరిచింది ఆవిడ. చెప్పకపోతే ఏం పోయింది? ఇలాగైనా మానేస్తాడు, మిగిలిన చూపైనా దక్కుతుంది అని లోపలెవరో అన్నారు. ఆవిడ నోరు మూసుకుంది.

కూతురు వచ్చేసరికి ఆయన కిటికీ పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "నాన్నా!" అని నవ్వుతూ వచ్చిన పిల్లతో "కళ్ళు పెట్టలేకపోయానమ్మా లాంతరమ్మా, చూపు పోయింది" అన్నాడు. కూతురు బల్ల దగ్గరికి వెళ్ళింది. ఒక బొమ్మని తీసి చూసి, ఇంకోటి తీసి చూసి, తిన్నగా వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, ఈ తుంపరలో వార్నిష్ కొట్టింది నువ్వేనా?"

ఆవిడ గిన్నె తోముతూనే తలూపింది.

"నాన్నకి చెప్పావా?"

"లేదు."

"అయ్యో అమ్మా! గుడ్డివాణ్ణయిపోయానని ఆయన అలా కూర్చుంటే, నీకు గిన్నెలు తోమబుద్ధి ఎలా అయింది?"

"నెమ్మదిగా మాట్లాడవే! ఇలాగైనా ఆ బల్ల వదులుతారనుకున్నాను. నువ్వు సాయంత్రానికి వెళ్ళిపోతావు. రేపు చెయ్యి పట్టుకుని నడిపించేది నేను, గడప తగిలి పడితే లేపేది నేను. నాకు భయమేస్తుందే! ఆ కాస్త చూపూ నాకు కావాలే!"

కూతురి కోపం కళ్ళలోకి నీళ్ళై వచ్చింది. "అది ఆయన చూపమ్మా" అంది.

ఆ మాట ఆవిడకి సూటిగా తగిలింది. చేతులు తుడుచుకుని ఆయన ముందుకెళ్ళి నిలబడింది. "ఏవండీ, మీ కళ్ళు కాదు. తుంపరలో నేనే స్ప్రే కొట్టాను. బొమ్మలే తెల్లబడ్డాయి. భయపడి చెప్పలేదు. తిట్టండి."

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి, మరుక్షణం పగలబడి నవ్వాడు. "పిచ్చిమొద్దూ! నా నెత్తిన పాలు పోశావు కదే! లాంతరమ్మా, విన్నావా మీ అమ్మ ఘనకార్యం?" అంటూ లేచి, అద్దాల బీరువా తీసి, ఎప్పుడో రంగులేసిన ఎర్ర డ్రాగన్‌ని చేతిలోకి తీసుకున్నాడు. ఆ పొలుసులంటే ఆయనకి ప్రాణం. ఒక్కో పొలుసూ మూడు ఎరుపుల్లో వేశాడు. కిటికీ దగ్గర దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నవ్వు మెల్లిగా ఆగిపోయింది.

"దీనికి కూడా కొట్టావా?"

ఎంత ఆశగా అడిగాడో! అవునంటే చాలు, ఈ పూటకి గండం గడుస్తుంది. ఒకసారి దాచి ఆయన్ని ఏడిపించింది. ఇంకోసారి దాచడం ఆవిడ వల్ల కాలేదు.

"లేదండీ. దాన్ని నేను ముట్టుకోలేదు."

ఆయన డ్రాగన్‌ని తడుముకుంటూ బీరువాలో పెట్టి కూర్చున్నాడు. కూతురు వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుని తల ఆనించింది.

ఆయన ఆ తల నిమురుతూ అన్నాడు. "బొమ్మల మసక పోతుంది. ఒక్క చుక్క వంటనూనె బ్రష్‌తో రాసి, మెత్తటి గుడ్డతో అద్దెయ్. నూనె అంటిన చోట రంగు నిలవదు, కళ్ళు పెట్టాల్సిన లాంతరమ్మ మొహానికి మాత్రం రాయకు."

నిజంగానే పోయింది. కూతురు నూనె రాయగానే అంగీ ఎర్రబడింది, లాంతరు పసుపు తేలింది. బొమ్మల మసక పోయిందన్న సంతోషం ఆవిడకి కలగలేదు, ఏడుపొచ్చింది.

"కళ్ళు పెట్టి తీసుకెళ్ళు తల్లీ" అన్నాడు ఆయన. కూతురు బ్రష్ తీసుకుంది కానీ వెక్కిళ్ళు ఆగడంలేదు. "ఇలా ఇవ్వవే" అని ఆవిడ లాక్కుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ బ్రష్ పట్టుకోవడం అదే మొదలు.

"చుక్క పెట్టకు, సన్నగా నిలువు గీత గియ్యి. మణికట్లు రెండూ ఆనించు. ఊపిరి బిగబట్టు" ఆయన చెబుతున్నాడు. ఆవిడ చూపు బాగానే ఉంది, కన్నీళ్ళే అడ్డొస్తున్నాయి.

"ఎలా వచ్చింది?"

"మెల్లకన్ను వచ్చిందండీ. ఒకటి గుమ్మం వైపు చూస్తోంది, ఒకటి మీ వైపు."

"ఉండనీ. చెరపకు."

ఆవిడ తలెత్తింది. ఆయన మొహం గోడ వైపు తిరిగి ఉంది. తన మీద ఇంకా కోపం పోలేదేమో అనుకుంది. "అటు తిరిగిపోయారేంటండీ? నా వైపు చూడరా?"

"నిన్నే చూస్తున్నానోయ్. నడిమధ్య ఏమీ లేదు. ఇలా పక్కకి తిప్పితేనే నీ మొహం కాస్త అందుతోంది."

ఆవిడ చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. చెయ్యి అడ్డమొస్తే ఆ కాస్తా ఆయనకి కనపడకుండా పోతుందేమోనని, కదలకుండా అలాగే కూర్చుంది.