పడమటింట్లో ప్రొజెక్టరు

"పంచె చాలదా అండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

సూరిబాబు నిచ్చెన మీద నుంచి పడలేదు గానీ, పడ్డంత పనైంది. ఏలూరు బజారులో రేడియోలూ ప్రొజెక్టర్లూ అమ్మే షాపు తరఫున, పొద్దున్నే రైలెక్కి తాడేపల్లిగూడెం వచ్చిన మనిషి. చేతిలో టేపు పట్టుకుని తాతాజీగారి హాల్లో ద్వారం వెడల్పు కొలుస్తున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకుని, స్క్రీను ఎందుకు, పంచె కడితే సరిపోదా అంటే ఒళ్ళు మండదూ?

అది యాభై ఆరో సంవత్సరం, తొలకరి రోజులు. రైసుమిల్లు తాతాజీగారు ఇంట్లోనే సినిమా ఆడించాలని తీర్మానించుకున్నారు. ముచ్చట ఆయనది కాదు, తల్లి వీరరాఘవమ్మగారిది. కాలు విరగక ముందు, టూరింగు టాకీసు ఏ ఊళ్ళో డేరా వేస్తే ఆ ఊరికి గూడుబండి కట్టించుకుని వెళ్ళేది ఆవిడ. విరిగాక మంచమే లోకమైంది. సినిమాని నీ దగ్గరికే తెస్తానమ్మా అని కొడుకు మాటిచ్చాడు. ఊళ్ళో పెద్దమనుషుల్ని పిలిచి చూపించుకోవచ్చన్న సరదా కూడా ఆయనకి ఓ మూల లేకపోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి?

మిషను సంగతి అప్పటికే తేలిపోయింది. కొత్తరకం చిన్న ప్రొజెక్టరు ఒకటి, యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు అమ్మేసిన పెద్దది ఒకటి, రెండింటి గుణాలూ సూరిబాబు వర్ణించి చెప్పాడు. చిన్నది చూడ్డానికి ముద్దుగా ఉంటుందన్నాడు. పెద్దది మోత ఎక్కువ, వెలుతురూ ఎక్కువ అన్నాడు. పెద్దదే తెమ్మని తేల్చింది ఈ పిల్లే. పేరు గంగాభవాని, తాతాజీగారి ఒక్కగానొక్క కూతురు, స్కూలు ఫైనలు ప్యాసైంది. స్క్రీను ఎక్కడ కట్టాలో కూడా తనే చెప్పింది. హాలుకీ, పడమటిల్లు అనే లోపలి గదికీ మధ్యనున్న నాలుగు రెక్కల ద్వారానికి కట్టమంది. అంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడీ పంచె గొడవేమిటి?

సూరిబాబు నిచ్చెన దిగి, మద్రాసు నుంచి వచ్చే స్క్రీను గొప్పతనం వివరించాడు. ముందువైపు సన్నని గాజుపూసలు అద్ది ఉంటాయనీ, వెనకాల నల్లగుడ్డ ఉంటుందనీ, పడ్డ వెలుతురు పడ్డట్టే చూసేవాళ్ళ మీదికి తిరిగి వస్తుందనీ చెప్పాడు. అదే పంచె అయితే సగం వెలుతురు అటుపక్కకి పోతుందన్నాడు.

"పోతే పోనివ్వండి" అంది భవాని.

"భలేవారండీ. అటుపక్క చూసేవాళ్ళు ఎవరున్నారు?" అని సూరిబాబు నవ్వాడు.

ఆ పిల్ల నవ్వలేదు. పెద్ద పెద్ద కళ్ళతో అతన్ని ఓ క్షణం చూసింది. తరవాత "మీ ఇష్టం" అని లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు రైల్లో ఉంగుటూరు దాటేసరికి కొల్లేటి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి వాన దంచేసింది. పెట్టెలో అందరూ కిటికీలు మూసుకున్నా సూరిబాబు మూయలేదు. చొక్కా తడిసి ముద్దైనా అతనికి తెలియలేదు. ఆ కళ్ళూ, ఆ "మీ ఇష్టం" అన్న మాటా వదిలిపెడితేగా!

మిల్లుకి సెలవని ఆదివారం మధ్యాహ్నం మొదటి ఆట పెట్టారు. కిటికీలకి ధాన్యం గోతాలు కట్టి హాలు చీకటి చేశారు. ఊరి పెద్దమనుషులు ముప్ఫైమంది దాకా వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ద్వారం నిండా కొత్త స్క్రీను. దాని మీద బొమ్మ పడగానే హాలంతా ఆహా అంది. తాతాజీగారు మీసం దువ్వుకున్నారు. సూరిబాబు ఛాతీ అంగుళం పెరిగింది.

ఒక రీలు అయింది. మిషను వేడెక్కింది, చల్లారాలి. గొంతు తడుపుకుందామని సూరిబాబు దొడ్డివైపు నుంచి తిరిగి పడమటింటి గుమ్మంలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే నిలబడిపోయాడు.

లోపల ఇరవైమంది ఆడవాళ్ళున్నారు. అందరూ బారులు తీరి, స్క్రీను వెనకనున్న నల్లగుడ్డకేసి చూస్తూ కూర్చున్నారు. ముందు వరసలో మంచం, దాని మీద దిండ్లకి ఆనుకుని వీరరాఘవమ్మగారు. ఆ ఇంట్లో పెద్ద ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళున్న హాల్లోకి రారు. డేరా టాకీసుల్లోనూ అంతే, వెనకటి రోజుల్లో ఆ వైపు చాలాచోట్ల పల్చటి తెర కట్టి, మగవాళ్ళని ఇటూ ఆడవాళ్ళని అటూ కూర్చోబెట్టేవారు. అక్షరాలు తిరగబడితే తిరగబడ్డాయి, బొమ్మ మాత్రం అందరిదీ. ఏలూరులో సిమెంటు హాళ్ళలో పెరిగిన సూరిబాబుకి ఆ ఆనవాయితీ తెలియదు. తెలిసిన తాతాజీగారికేమో, జన్మలో తెర అటుపక్క కూర్చున్న పాపాన పోలేదు గనక, తట్టలేదు.

మంచం పక్కన నిలబడి భవాని కథ చెబుతోంది. వినపడిన మాటల్ని పట్టుకుని బొమ్మని ఊహించి చెబుతోంది పాపం.

"ఎవరూ, మిషను అబ్బాయా?" అంది ముసలావిడ. "నువ్వు కళ్ళారా చూశావు గదా బాబూ. ఇందాక పెళ్ళికూతురు నిజంగానే ఏడ్చిందా, మా భవాని కల్పించి చెబుతోందా?"

సూరిబాబుకి తల కొట్టేసినట్టయింది. ఏ మనిషి కోసం ఆ మిషను కొన్నారో ఆ మనిషికే అడ్డంగా నల్లగుడ్డ కట్టి, పైగా అటుపక్క ఎవరున్నారని నవ్వాడు. భవాని తిట్టినా బాగుండేది.

"ఒక పంచె ఇప్పిస్తారా అండీ?" అన్నాడు, తలెత్తకుండా.

భవాని భోషాణం తెరిచి మడత తీసింది. రెండు పంచెలు కలిపి కుట్టి, అంచులు మడిచి, కట్టుకోడానికి నాడాలు కూడా వేసి ఉంది. టేపు పట్టుకుని అతను ఆ గడప తొక్కక ముందే కుట్టిపెట్టుకున్నదట.

ఆడవాళ్ళు కనబడకుండా లోపల ద్వారం రెక్కలు మూయించి, సూరిబాబు హాల్లోకి పోయి, అందరూ చూస్తుండగా ఆ ఖరీదైన స్క్రీను దించేశాడు. తాతాజీగారు కుర్చీలోంచి లేచారు. తప్పు తనదేనన్నాడు సూరిబాబు. బొమ్మ ఎవరి కోసమో అడక్కుండా కొలతలు తీసుకున్నానని ఒప్పుకున్నాడు. మిషను కూడా పడమటింట్లో పెడితే అమ్మగారికి బొమ్మ సరిగ్గా కనబడుతుందనీ, హాల్లోవాళ్ళకి మాత్రం అక్షరాలు తిరగబడతాయనీ, కత్తులన్నీ ఎడమచేతుల్లోకి వెళ్ళిపోతాయనీ చెప్పాడు. తాతాజీగారు మూసిన ద్వారంకేసి చూశారు. "మా అమ్మని చూడనీ. మేం తిరగేసి చదువుకుంటాంలే" అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

భవాని చెంబుతో నీళ్ళు తెచ్చి, అటుపక్కకీ బొమ్మ బాగా దిగేలా తెరని తడిపింది. తడిగుడ్డ మీద బొమ్మ పడగానే ముసలావిడ రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. సినిమా అయ్యేదాకా తియ్యలేదు.

అలా మొదలయ్యాయి ఆ ఆదివారాలు. బెజవాడ నుంచి రీళ్ళ పెట్టె వస్తుంది. ఏలూరు నుంచి సూరిబాబు వస్తాడు. పడమటింట్లో ప్రొజెక్టరు పక్కన అతనికి ఓ స్టూలు. రీలు అందించేది భవాని. రెండో వారానికి ఫిలిం ఎక్కించడం నేర్చుకుంది. మూడో వారానికి అతని తప్పులు పట్టడం మొదలెట్టింది. మిషను సందుల్లోంచి వచ్చే వెలుతురు ఆ పిల్ల చెంప మీద గీతలు గీతలుగా పడేది. సూరిబాబు తెర చూడ్డం మానేశాడు. ఓసారి రీళ్ళు తారుమారై పెళ్ళి అయ్యాక పెళ్ళిచూపులు వచ్చాయి. హాల్లోంచి గోల. లోపల భవాని కొంగు నోట్లో కుక్కుకుని ఒకటే నవ్వు.

మధ్యమధ్య వీరరాఘవమ్మగారు ఆరా తీసేది. సొంతూరు అత్తిలి అన్నాడు. ఎవరి తాలూకు అంది. తాతగారి పేరు చెప్పాడు. ఓరి నీ, మా పుట్టింటివాళ్ళకి దూరపు చుట్టాలవుతారే అని ఆవిడ తృప్తిగా తమలపాకు నోట్లో పెట్టుకుంది.

ఐదో ఆదివారం ఆటకి ముందు తాతాజీగారు సూరిబాబుని వీధి అరుగు మీదికి పిలిచారు. బంధువులు నలుగురూ నాలుగు మాటలంటున్నారట. పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో, ఆడవాళ్ళ మధ్య వారం వారం పరాయి కుర్రాడు కూర్చోవడం ఏమిటని. వచ్చేవారం నుంచి మిల్లులో ముసలి ఫిట్టరు మిషను చూసుకుంటాడనీ, ఇవాళ అతనికి నేర్పి వెళ్ళమనీ చెప్పారు. ఆయన చెప్పింది మర్యాదగానే. సూరిబాబు "అలాగేనండి" అన్నాడు. వేరే ఏమంటాడు?

ఆ రోజు సినిమా అతనికి అక్షరం బోధపడలేదు. వచ్చే ఆదివారం ఉండదు. ఆ తరవాతిదీ ఉండదు. భవానికీ తెలిసిపోయినట్టుంది. రీళ్ళు అందిస్తోంది గానీ, ఒక్క తప్పూ పట్టలేదు.

ఆఖరి రీలు అయిపోయింది. ఫిలిం కొస టపటపా కొట్టుకుంటోంది. సూరిబాబు మోటారు ఆపాడు. దీపం ఆర్పడం మరిచిపోయాడు. లేచి వీరరాఘవమ్మగారి మంచం దగ్గరికి వెళ్ళి, సెలవు తీసుకుంటానన్నాడు. వచ్చేవారం నుంచి రానన్నాడు.

"ఏం? పరాయివాడివనేగా?" అంది ఆవిడ. "పరాయివాడివి కాకుండా పోయే దారి నీకు తెలియదా అబ్బాయీ?"

సూరిబాబు ఉన్నమాట చెప్పేశాడు.

"నాకు భవానిగారంటే ప్రాణం అండీ. నేను షాపులో పనిచేసేవాణ్ణి, మీరు మిల్లువారు. అడగడానికి నోరు రాలేదు. ఆవిడకి ఇష్టమైతేనే, అండీ."

"ఏమే భవానీ?" అంది నాయనమ్మ.

ఇరవై జతల కళ్ళు ఆ పిల్ల మీద పడ్డాయి. ఎక్కడికని పోతుంది? సిగ్గుతో అందరికీ వీపు తిప్పి, తెర ముందుకి పోయి నిలబడింది. వెనక దీపం వెలుగుతూనే ఉంది. ఆ పిల్ల జడ, చెవి లోలకులు, వంచిన మెడ, అన్నీ నిలువెత్తు నీడై తెల్లటి తెర నిండా పరుచుకున్నాయి. కుర్చీల్లోంచి లేవబోతున్న ముప్ఫైమంది మగవాళ్ళూ మళ్ళీ కూర్చున్నారు.

నీడ కాసేపు కదల్లేదు. తరవాత నెమ్మదిగా, నిలువుగా, రెండుసార్లు తల ఊపింది.

పంచె అవతల నుంచి తాతాజీగారి గొంతు వినపడింది.

"అమ్మా, మీకు అటు ఎలా కనబడిందో గానీ, మాకిక్కడ స్పష్టంగా కనబడింది. పిల్ల ఒప్పుకుంది. ఇక ఆ దీపం ఆర్పమను అల్లుణ్ణి."