బీగాల అంగడి ఫోటో

హొసకోటె పాత బజారులో ఇరవై మూడు అంగళ్ళ ఫోటోలు అయిపోయాయి. చాటలూ గంపలూ అమ్మే ముసలావిడ, యూనిఫాంలు కుట్టే దర్జీ, మూడు తరాలుగా సాంబ్రాణి అమ్ముతున్న కుటుంబం... అందరి ఫోటోలూ నిలువెత్తున అచ్చు వేయించి ఆ వీధిలోనే వరసగా కట్టాలన్నది గాజుల అంగడి హేమలతక్క ఆలోచన. నేను బెంగళూరు బెళ్ళందూరులో ఉద్యోగం చేస్తూ, శనివారాలు కెమెరా పట్టుకుని తిరిగేదాన్ని. ఒకసారి ఆమె దగ్గర గాజులు కొనబోయి ఈ పనిలో పడ్డాను.

ఇక మిగిలింది ఒక్కటే. తాళాలు బాగుచేసే అంజినప్ప అంగడి. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"సందు చివర ఉండాది, వరూధినీ. అంజినప్పకు చెప్పినా. నువ్వు పోతా ఉండు, ఈ గిరాకీ పంపించి వస్తా," అంది హేమలతక్క.

సాయంత్రం నాలుగే. కానీ మబ్బు కమ్మి, సందంతా దీపాల వేళలా ఉంది. కరెంటు లేదు. వాన మొదలైంది. చివరి అంగడి షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల్నుంచి తుప్పు వాసన, తడి గోనెసంచి వాసన. ఆకురాయి రాపిడి మాత్రం వినిపిస్తోంది. గర్ర్... గర్ర్...

వంగి లోపలికి వెళ్ళాను. కొవ్వొత్తి వెలుగులో ఒక ముసలాయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. గోడనిండా తాళంచెవులు వేలాడుతున్నాయి.

"హేమలతక్క పంపింది. మీరు పని చేస్తూ ఉండండి, ఫోటో తీసుకుంటాను," అన్నాను.

"పని లేదు," గుసగుసగా అన్నాడు. "నీ ఇంటి బీగంచెవి ఇట్లియ్యి. ఇంకోటి చేస్తా."

ఫోటోకు బాగుంటుందనిపించింది. మా ఫ్లాటు తాళంచెవి ఇచ్చాను. దాన్ని బిగించి, పక్కన కొత్త ఇత్తడి ముక్క పెట్టి, అరగదీయసాగాడు. నేను క్లిక్కులు కొడుతున్నాను.

"ఇల్లు ఏడ?"

"బెళ్ళందూరు."

"ఎన్నో అంతస్తు?"

"ఆరు."

"ఒకదానివేనా?"

"అవును," అన్నాను, కెమెరాలోంచి కన్ను తీయకుండా.

ఫోన్ మోగింది. హేమలతక్క.

"ఎక్కడుండావు? అంజినప్ప తడిసిపోయి నా అంగట్లో నిలబడుకోనుండాడు. జరమొచ్చి పొద్దున్నుంచీ అంగడి తీయనే లేదంట. నువ్వు ఇట్లే వచ్చేయ్."

ఆకురాయి ఆగిపోయింది.

నేను తల ఎత్తలేదు. ఎత్తలేకపోయాను. బల్ల మీదుగా ఒక చెయ్యి ముందుకొచ్చింది. ఎడమచెయ్యి. అందులో నా తాళంచెవి. తీసుకున్నాను. అప్పటిదాకా ఆకురాయి రాపిడి తగిలింది, వెచ్చగా ఉండాలి. మంచుముక్కలా ఉంది.

"రెండోది..." అన్నాను.

"అది నేనే తెస్తా. తలుపుకు పెట్టి చూడల్ల కదా."

షట్టరు కింద ఎలా దూరానో తెలీదు. మోచెయ్యి చీరుకుపోయింది. వానలో పరుగెత్తాను.

అంజినప్ప నలభై ఏళ్ళ మనిషి. ముగ్గురం గొడుగు కింద తిరిగి వెళ్ళాం. షట్టరు పూర్తిగా దించి ఉంది. దానికి తాళం. అంజినప్ప తీశాడు. లోపల కొవ్వొత్తి లేదు. బల్ల మీద మాత్రం ఇత్తడి పొడి, అప్పుడే రాలినట్టు మెరుస్తోంది.

కెమెరాలో ఏడు ఫోటోలు. ఏడింటిలోనూ నా తాళంచెవి స్పష్టంగా ఉంది. దాని వెనక ఎవరూ లేరు.

అంజినప్ప వాటిని ఒక్కొక్కటే చూశాడు.

"ఇట్లా బీగంచెవిని ఎడం పక్కకు తిప్పి బిగించేది మా నాయనొక్కడే," అన్నాడు మెల్లగా. "పోయి పదకొండేండ్లాయ."

అంజినప్ప ఫోటో గాజుల అంగట్లోనే తీశాను. ఆ రాత్రే మా తలుపుకు కొత్త తాళం వేయించాను. అది బిగించేదాకా ఎదుటి ఫ్లాటు చాందినిని నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను.

తర్వాతి ఆదివారం బజారులో ఫోటోలు కట్టారు. హేమలతక్క వీడియో కాల్ చేసి చూపించింది. అందరూ తమ తమ ఫోటోల పక్కన నిలబడి నవ్వుతున్నారు. వారం రోజుల తర్వాత నాకూ నవ్వొచ్చింది.

సోమవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి చాందిని లిఫ్ట్ దగ్గర కనిపించింది.

"మీ తాతగారు వెళ్ళిపోయారా?"

"ఎవరు?"

"మధ్యాహ్నం మీ డోర్ ముందు కింద కూర్చుని ఉన్నారు. లోపలికి రండి అంటే రాలేదు. తాళం మారిపోయింది, మళ్ళీ చేయాలి అన్నారు. పాపం, వాటర్ కూడా తాగలేదు."

చాందిని చెయ్యి పట్టుకుని తలుపు దాకా వెళ్ళాను. తాళం వేసే ఉంది. బయట గచ్చు శుభ్రంగా ఉంది. తాళం తీసి, తలుపు కొంచెం తోశాను.

లోపల, గడపకు అవతల... ఇత్తడి పొడి.