కంప వేసిన వాకిలి

రాళ్ళసందులో ఆ ఇంటి ముందర పొద్దు మునిగినాక ఎవరూ నిలబడేవాళ్ళు కాదు. కాలి చెప్పు జారిపోయినా వెనక్కి తిరిగి చూసేవాళ్ళు కాదు. తెల్లారినాక ఎత్తుకుందాంలే అని ఒంటికాలి చెప్పుతోనే ఇల్లు చేరేవాళ్ళు.

రాళ్ళసందు యాడుండాదంటారా? అనంతపురం టౌన్లోనే అప్పా. టౌను నాలుగు తట్లా ఒళ్ళు పెంచుకుంటా పోయి నారపల్లె అనే పల్లెని అట్లే మింగేసింది. చుట్టూ లేఅవుట్లు, కాలనీలు, మేడలు. నడిమధ్యలో నారపల్లె మాత్రం తాతల నాటి రాతి మిద్దెలతో, రాళ్ళసందు లాంటి బండలు పరిచిన సందులతో ఉన్నది ఉన్నట్లే నిలబడింది. ఆటో లోపలికి పట్టదు. పట్టాల్సిన పనీ లేదు. గడప దిగితే అంగడి, నాలుగడుగులకి పిండి మిషన్, ఇంకో నాలుగడుగులకి శెనక్కాయల మండీ. కాలనీలో వాళ్ళు కొత్తిమీర కట్టకి స్కూటర్ తీస్తారు. నారపల్లెలో పొయ్యి మీద సట్టి పెట్టి, అది ఉడుకు పట్టేలోపల నడిచిపోయి తెచ్చుకుంటారు.

ఇంత నడిచే మనుషులు ఆ ఒక్క వాకిలి ముందర మాత్రం ఉరికేవాళ్ళు.

ఆ ఇల్లు ఓబుళేసుది. వాడూ, పెండ్లాం బయమ్మా — ఇద్దరే. పిల్లాజెల్లా లేరు. మండీ నుంచి మూటలు తెచ్చుకోని, విత్తనానికి శెనక్కాయలు వలిచిచ్చి బతికేవాళ్ళు. రెండువేల మూడులో, ఉగాది నాలుగు దినాలు ఉందనంగా, ఓబుళేసు రొమ్ము పట్టుకోని కూలబడినాడు. మళ్ళా లేయలేదు.

అయ్యవారు పంచాంగం తీసి చూసి తల అడ్డంగా ఊపినాడు. ధనిష్ఠ నచ్చత్రం! ఆరు నెలలు ఇల్లు మూయల్ల. దీపం పెట్టకూడదు, గడప తొక్కకూడదు. తొక్కితే ఆ సావు ఒంటరిగా పోదు... సందులో ఇంకొకర్ని తోడు పిలుచుకోని పోతాది.

ఈ మాటని అందరికన్నా గట్టిగా పట్టుకున్నోడు తిప్పేష్. మూడిండ్ల అవతల ఉంటాడు. బస్టాండు ఎదురుగా హోటల్లో దోసెలు పోసే పని. వాన్ని తప్పు పట్టేదానికి లేదు. పెండ్లయి ఆరేండ్లాయ, పెండ్లాం సరళకి రెండుసార్లు కడుపు నిలిచినట్లే నిలిచి పోయింది. మూడోది ఇప్పుడు ఏడో నెల. సందులో పెద్దామె సుబ్బలక్ష్మమ్మ వాన్ని పక్కకి పిలిచి గుసగుసగా చెప్పింది.

"జాగర్తప్పా తిప్పేషా. ఆ ఇంటి గాలి కడుపుతో ఉండే పిల్లకి సోకిందంటే ఈసారీ అంతే."

ముసలామె నోట్లో ఏనాడు తీపి ఉంది గనక! ఆ మాటతో తిప్పేష్‌కి నిద్ర పోయింది, అన్నం పోయింది.

బయమ్మ మాత్రం గడప మీద కూర్చోని కదల్లేదు. "నన్ను యాడికి పొమ్మంటారప్పా? మా తమ్మునిల్లు ఊరి బయట కాలనీలో ఉండాది. ఆడ నాకు మూట ఎవరిస్తారు? పని కోసం ఈడికి రావల్లంటే ఆటోకే సగం కూలి పాయ. నడిచే దోవా కాదది."

తిప్పేష్ ఆమె కాళ్ళ కాడ కూలబడినాడు. "అక్కా... నా బిడ్డ కోసరం పో అక్కా."

బయమ్మ వాని మొగం చూసింది. దూరంగా నిలబడిన సరళ కడుపు చూసింది. కోకలు రెండు సంచిలో పెట్టుకోని, తమ్ముడు ఆదెన్న వెంట కళ్యాణదుర్గం రోడ్డులో ఉండే కాలనీకి పోయింది. ఆమె మలుపు తిరిగిందో లేదో, తిప్పేష్ తుమ్మకంప నరుక్కోని వచ్చి తన చేతుల్తోనే ఆ వాకిలికి అడ్డం వేసినాడు. అప్పటికి గానీ వానికి ఊపిరాడలేదు.

నెల కూడా కాలేదు...

మొదట పిండి మిషనోడు విన్నాడు. రాత్రి షట్టర్ దించి పోతా ఉంటే మూసిన ఇంట్లో నుంచి సప్పుడు. టప్... టప్... నడుమ రోంతసేపు నిశ్శబ్దం. మళ్ళా టప్... టప్...

శెనక్కాయ వలిచే సప్పుడు!

తెల్లారేసరికి సందంతా పాకింది. ఓబుళేసు పని ఇడిసిపెట్టి పోలేదు, సచ్చీ వలుస్తానే ఉండాడు అన్నారు. ఆ మర్నాడు ఇంకెవరో విన్నారు, ఆ తర్వాత ఇంకొకరు. చీకటి పడితే తలుపులు పడిపోయేవి. తిప్పేష్ తన గుమ్మానికి యాపమండలు కట్టినాడు, సరళ తలగడ కింద ఇనుప ముక్క పెట్టినాడు. "పొద్దు మునిగినాక గడప దాటితే నా మీద ఒట్టు" అన్నాడు.

ఇట్లా మూడు వారాలు. ఒక రాత్రి సప్పుడు ఆగిపోయింది. పీడ పోయింది అనుకున్నారు అందరూ.

ఆగిన మూడో రాత్రి —

తిప్పేష్ హోటల్ కట్టేసినాక నడుచుకుంటా వస్తాండాడు. కరెంటు లేదు. మే నెల, అర్ధరాత్రి కూడా బండలు కాల్తానే ఉండాయి. గాలి ఆడదు, ఆకు కదలదు. వాడు సందులోకి తిరిగినాడు. ఆ ఇల్లు వస్తానే తల దించుకోని, నోట్లో ఆంజనేయస్వామిని తల్చుకుంటా అడుగు పెంచినాడు. వాకిలి దాటుతాండాడు... కంప దాటుతాండాడు...

"తిప్పేషా..."

కాళ్ళు బండకి అతుక్కుపోయినాయి.

ఆ గొంతు ఆడదీ కాదు, మొగదీ కాదు. ఎండిన ఆకు నలిపినట్లుండాది. తలుపు అవతల నుంచే... అదీ కింద నుంచి, నేల మీద నుంచి వచ్చింది.

వానికి పెద్దోళ్ళ మాట గుర్తుకొచ్చింది. రాత్రిపూట పిలిస్తే పలకకూడదు. దెయ్యం రెండుసార్లకి మించి పిలవదు. మనిషైతే మూడోసారీ పిలుస్తాది. మూడోది విన్నాకనే పలకల్ల.

"తిప్... పేషా..."

రెండు.

వాడు నిలబడినాడు. పిలువు... ఇంకొక్కసారి పిలువు తల్లీ... నువ్వు మనిషివైతే పిలువు...

పిలుపు రాలేదు. తలుపు చెక్కని లోపలి నుంచి దేనితోనో గీకినట్లు మెల్లగా ఒక సప్పుడు వచ్చింది. గర్... అంతే.

వానికి సరళ కడుపులో బిడ్డ గుర్తుకొచ్చింది. పోయిన ఇద్దరు బిడ్డలూ గుర్తుకొచ్చినారు. ఉరికినాడు చూడండి! ఒక చెప్పు అక్కడే, ఇంకో చెప్పు మలుపు కాడ.

"ఏమాయ? అట్లా రొప్పుతాండావే?" అనింది సరళ తలుపు తీసి.

"ఏంల్యా. కుక్క తరిమింది."

వాడు గడియ పెట్టి, దాని మీద చెయ్యి తీయకుండా తెల్లారేదాకా నిలబడినాడు.

రెండు దినాలు పోయినాయి. మూడో దినం పొద్దున్నే మండీలో మూటలు మోసే గంగప్ప వచ్చినాడు. భుజాన ఖాళీ గోనెసంచి. నేరుగా కంప ముందర నిలబడి, గొంతెత్తి అరిచినాడు.

"బయమ్మా! ఓ బయమ్మా!"

ఆడోళ్ళు ఇండ్లలోంచి పరిగెత్తి వచ్చినారు. తిప్పేష్ కూడా వచ్చినాడు. "నోరు ముయ్యప్పా! యాడ నిలబడి ఎవర్ని పిలుస్తాండావు?" అని కసిరింది సుబ్బలక్ష్మమ్మ.

"బయమ్మని. వలిచిన పప్పు కోసరం సావుకారి అరుస్తాండాడు. ఎనకతట్టు పోయి రెండుసార్లు పిలిస్తి, పలకలే."

"బయమ్మ తమ్మునింట్లో కదా ఉండేది?"

"ఎవరు చెప్పినారు?" గంగప్ప వింతగా చూసినాడు. "ఆడ పని ల్యాక, ఒకరింట్లో ఊరికే కూర్చోని తినేదానికి మొగం చెల్లక, ఈడికే వచ్చేసింది. నెల కావస్తాంది. ఎనక కూలిన గోడమింద నుంచి నేనే మూట అందిస్తాంటి. పగలు పడుకోని, రాత్రి దీపం లేకుండా వలిచేది. సందులో ఎవరికీ చెప్పొద్దు గంగప్పా... తిప్పేష్ బిడ్డ కోసరం బయపడతాడు అనింది."



తిప్పేష్ కంప మీద పడినాడు. వట్టి చేతుల్తోనే పీకినాడు. ముండ్లు దిగి రక్తం కారతాంటే పట్టించుకోలేదు. తలుపు తోసినాడు. జానెడు తెరుచుకోని ఆగిపోయింది. లోపల ఏదో అడ్డం ఉండాది.

అది బయమ్మే.

అటక మీది నుంచి మూట దించబోయి నిచ్చెన జారి పడినట్లుంది. తుంటి ఇరిగింది. లోపలింట్లో నుంచి తలవాకిలి దాకా శెనక్కాయ పొట్టులో ఆమె పాక్కుంటా వచ్చిన జాడ కనపడింది. కోకకంతా పొట్టు అంటుకోనుంది. లోపలింట్లో కడవలో ఉన్న నీళ్ళు తాగేసినట్లుంది, అడుగు ఎండిపోయి ఉంది. చేతి గోళ్ళు తలుపుకి ఆనించి అట్లే...

ఆస్పత్రి నుంచి వచ్చిన కాంపౌండర్ చెయ్యి పట్టి చూసి, "నిన్న రాత్రిదాకా ప్రాణం ఉన్నట్లుంది" అన్నాడు.

ఆదెన్న వచ్చి తల బాదుకోని ఏడ్చినాడు. "పామిడిలో పెద్దక్కింట్లో ఉంటా అని చెప్పి పోయిందే! రాళ్ళసందులోనే పుట్టింది, రాళ్ళసందులోనే మెట్టింది. చెప్పుల సప్పుడు విని పోయేది ఎవరో చెప్పేది మా అక్క. ఒక్కరు... ఒక్కరు కూడా వినల్యా?"

తిప్పేష్ గోడకి ఆనుకోని జారి కూర్చున్నాడు. దాచుకునే శక్తి లేదు వానికి.

"నన్ను పిలిచిందన్నా. పేరు పెట్టి పిలిచింది. నేను ఉరికిపోతి."

కొడతారనుకున్నాడు. మొగాన ఉమ్ముతారనుకున్నాడు. ఎవరూ కదల్లేదు. సుబ్బలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.

"నన్ను గూడా పిలిచిందిరా..."

"నన్నూ" అన్నాడు పిండి మిషనోడు, నేల చూస్తా.

"మా ఇంటాయన్ని గూడా" అనింది ఎదురింటి తిమ్మమ్మ.

ఒకరెనక ఒకరు చెప్పినారు. పగలు మిషన్ మోతలో ఎవరికీ ఇనపడలేదు. రాత్రి విన్నోళ్ళంతా ఉరికినోళ్ళే. ఇంట్లో కూడా చెప్పుకోలేదు... బయం, సిగ్గు.

అప్పుడు సరళ వచ్చింది. ఎవరు వారిస్తాన్నా ఆగకుండా, కడుపు పట్టుకోని, మొగుని ముందర నిలబడింది.

"మొన్న నన్ను పట్టపగలే పిలిచింది" అనింది. "కరెంటు పోయి మిషన్ ఆగినప్పుడు. రోంత నీళ్ళియ్యమ్మా సరళా అనింది. గొంతు నాకు తెలిసింది."

తిప్పేష్ తలెత్తినాడు.

"బిడ్డకి ఏమైనా అయితాదని వచ్చేస్తి" అనింది సరళ. "నీళ్ళ బిందె నా సంకలోనే ఉండె."